ముద్దుపళనిని ఏమని రాయాలి?

సందేహం: మా అమలాపురంలో ముద్దుపళనిపై ప్రసంగం పెట్టుకున్నాం. ఆహ్వానపత్రికలో ‘తంజావూరు రాజు ఉంపుడుగత్తె, కవియిత్రి’ అని వేశారు. మొదటి మాట అవమానమని కొందరు, ఉన్నమాటే కదా అని కొందరు. రెండో మాటకూ ఒకాయన వంక పెట్టారు. ఏం రాయమంటారు? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. ‘కవయిత్రి’ అనే రాయాలి. ‘కవి’కి తోక తగిలించి చేసిన మాట కాదది, సంస్కృతంలో ‘కవయితృ’ శబ్దానికి స్త్రీలింగం. రచయితకు రచయిత్రి ఎలాగో ఇదీ అంతే. ‘కవియిత్రి’ పేపర్లలోనూ కనిపిస్తుంటుంది గానీ తప్పు తప్పే.

ఇక ఉంపుడుగత్తె. వ్యాకరణం ఏమీ చెడలేదు, అందగత్తెలో ఉన్న ప్రత్యయమే ఇదీ. చిక్కంతా ‘ఉంచు’తోనే. ‘ఫలానా ఆవిణ్ని ఉంచుకున్నాడట’ అని మన కోనసీమ అరుగుల మీద గొంతు తగ్గించి అనే మాటే ఇందులో దాగి ఉంది. ఉంచుకునేది మగవాడు, మాట పడేది మాత్రం ఆవిడ. ‘ఉంపుడుగాడు’ అని ఎవరూ అనరు చూడండి!

ముద్దుపళని తన గురించి అలా చెప్పుకోలేదు. తన కావ్యం రాధికాసాంత్వనం పీఠికలో తంజనాయకి మనవరాలినని వంశం చెప్పుకొని, తాను పండితులను సత్కరించాననీ, తనకు కావ్యాలు అంకితమిచ్చారనీ దర్జాగా రాసుకుంది. 1887 అచ్చులో ఆ పీఠికే ఎగిరిపోయింది. కవి తన గురించి చెప్పుకున్నది తీసేస్తే, మిగిలేది పక్కవాళ్లు పెట్టిన పేర్లేగా!

అమరకోశం రాజస్త్రీలను రెండుగా చెప్పింది: ‘కృతాభిషేకా మహిషీ, భోగిన్యోఽన్యా నృపస్త్రియః’. పట్టాభిషేకం పొందినావిడ మహిషి, తక్కినవాళ్లు భోగినులు. తంజావూరు రాజు ప్రతాపసింహుడి (పాలన 1739–1763) దగ్గర ముద్దుపళని స్థానానికి ఈ ‘భోగిని’ అతుకుతుంది. మన జిల్లాల్లో ‘భోగం మేళం’ (భోగంవాళ్ల ఆటపాటల బృందం) చెవిలో మోగుతుంది కాబట్టి కొంచెం ఇబ్బంది అనిపించవచ్చు. ఆ మేళాలపైనే రాజమండ్రి నుంచి వీరేశలింగం పంతులుగారు యుద్ధం చేశారు. ఆ కోపంలోనే ముద్దుపళని కవిత్వాన్నీ తూలనాడారు. సంస్కర్తగా ఆయనంటే నాకు గౌరవమే, ఈ తీర్పు మాత్రం ఒప్పుకోను. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని గాయని బెంగళూరు నాగరత్నమ్మ సూటిగా అడిగింది. తీసేసిన భాగాలు చేర్చి 1910లో కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించింది. మరుసటేడే ఆంగ్ల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశంగారి చొరవతో ఆ నిషేధం తొలగింది, 1952లో వావిళ్లవారు తిరిగి ముద్రించారు.

ఆహ్వానపత్రికలో ‘రాధికాసాంత్వనం రాసిన కవయిత్రి’ అని ముందు వేయండి. రాజుగారి సంగతి వేయాలనుకుంటే తరవాత ‘ప్రతాపసింహుని భోగిని’ అనండి. వేయకపోయినా లోటేమీ లేదు, అది వక్త చూసుకుంటారు. అన్నట్టు, మీ ఉత్తరంలో ఒకచోట ‘పళణి’ అని పడింది. పళని, ‘న’తోనే.