పాత కారు ఏసీ: పీకేయాలా, బాగు చేయించాలా?

పాలమూరులో ముప్పై ఏళ్లుగా కార్ల ఏసీ పని చేస్తున్న మెకానిక్, పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. మాది దేవరకొండ. 2008లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. ఇంజిన్‌కు ఇప్పటిదాకా పెద్ద రిపేరేమీ రాలేదు. 2023లో పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. నెలకోసారి మా ఆవిడను చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్లాలి. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తాం. మిగతా రోజుల్లో కూరగాయలకో, పెళ్లిళ్లకో తప్ప బండి బయటికి తీయను. సమస్యల్లా ఏసీతోనే. వరుసగా రెండేళ్లు మార్చిలో గ్యాస్ కొట్టించాను. రెండుసార్లూ నెలన్నరకే మళ్లీ వేడిగాలి. ఒక మెకానిక్ "తీసి పారేయి సారూ, బరువు తగ్గుతది, మైలేజీ పెరుగుతది" అన్నాడు. ఇంకొకతను మొత్తం కిట్టు మార్చాలి, 28 వేలవుతుంది అన్నాడు. మా అబ్బాయి అసలు కారే అమ్మేయమంటున్నాడు. ఈ బండికి ఏం ధర వస్తుందో నాకు తెలుసు. దాని మీద ఇంత డబ్బు పెట్టాలా, తీసేయించి హాయిగా ఉండాలా?
– రిటైర్డ్ టీచర్, దేవరకొండ

జవాబు: సార్, మీ ఉత్తరంలో కారు కంపెనీ పేరు ఉంది, నేనే తీసేశాను. పదిహేనేళ్లు దాటిన ఏ చిన్న కారుకైనా నా జవాబు ఇదే. తీసేయించవద్దు. 28 వేలు కూడా పెట్టవద్దు. ముందు గ్యాస్ ఎక్కడి నుంచి పోతోందో కనిపెట్టడానికి ఒక పూట కూలి ఇవ్వండి. ఈ రెండేళ్లలో ఆ ఒక్క పనీ ఎవరూ చేయలేదు.

ఏసీ గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యే వస్తువు కాదు. అదే గ్యాస్ పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోవడం మామూలే. నెలన్నరలో మొత్తం పోయిందంటే మాత్రం ఎక్కడో చిల్లు ఉంది. చిల్లు వెతక్కుండా గ్యాస్ కొట్టడమంటే, సైకిల్ ట్యూబుకి పంచర్ వేయకుండా గాలి కొట్టి పంపడమే. మీకు అదే రెండుసార్లు చేశారు, రెండుసార్లూ డబ్బులు తీసుకున్నారు.

మీ ఉత్తరంలో మీరు గమనించని మంచి విషయం ఒకటుంది. ఆ నెలన్నర రోజులూ ఏసీ చల్లగానే వచ్చింది కదా! అంటే కంప్రెసర్ గ్యాస్‌ను తోస్తోంది, దాన్ని ఇంజిన్‌కు కలిపే క్లచ్ పడుతోంది, గ్యాస్‌ను సన్నగా వదిలే లోపలి వాల్వు మూసుకుపోలేదు. అన్ని భాగాలూ పనిచేసిన బండికి మొత్తం కిట్టు మార్చాలనడం నాకు అర్థం కాలేదు. మోకాలు నొప్పి అని వెళ్తే నడుము దాకా ఆపరేషన్ చేస్తామన్నట్టుంది.

చిల్లు ఎలా వెతకాలో చెప్తాను, మెకానిక్ పక్కన నిలబడి చూడండి. మొదట కళ్లతోనే వెతకాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా పైపుల్లో తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ పోయే చోట నూనె చెమ్మ పట్టి, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. పైపు జాయింట్లు, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) మూలలు, కంప్రెసర్ ముందు భాగం లైటు వేసి చూస్తే చాలా బండ్లలో అక్కడే దొరికిపోతుంది. దొరక్కపోతే ఖాళీ పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, 150 పౌండ్ల ఒత్తిడి దగ్గర ఆపి, గేజి ముల్లును కనీసం గంటసేపు గమనించాలి. ముల్లు దిగితే జాయింటు జాయింటుకీ సబ్బు నురగ రాయాలి. పంచర్ షాపు గాలి మాత్రం ఎక్కించనివ్వకండి. మామూలు గాలిలో తేమ ఉంటుంది. ఆ తేమ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి లోపలి లోహాన్ని తింటుంది.

గ్యాస్ కొట్టే మూతుల్లో, టైరు వాల్వులో ఉండే పిన్ను లాంటిదే ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాని ఖరీదు పదుల రూపాయల్లోనే. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక బండికి నాకంటే ముందు నాలుగుసార్లు గ్యాస్ కొట్టారు. ఆ పిన్ను మీద సబ్బు నీళ్లు వేయగానే బుడగ లేచింది. బండాయన నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. మీ కారుకీ అంత తేలిగ్గా తేలుతుందని మాటివ్వను, కానీ ముందు అక్కడ చూడమనండి.

ఆ తర్వాత అనుమానించాల్సింది ఓ-రింగులు, అంటే పైపు జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు. ఇంత వయసు బండిలో అవి ఎండి, గట్టిబడి ఉంటాయి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి కదా, అన్నీ మార్చేయడమే మంచిది. తర్వాత కండెన్సర్. అది రేడియేటర్ ముందు ఉంటుంది కాబట్టి లారీల వెనక వచ్చే కంకర దెబ్బలన్నీ దానికే. అన్నిటికంటే చికాకు లోపలి కూలింగ్ కాయిల్. ఎప్పుడూ తడిగా ఉంటుంది, దాని మీద మట్టి, ఆకుల చెత్త చేరి కుళ్లి, అల్యూమినియం తినేస్తుంది. కాయిల్ బయటికి కనిపించదు కాబట్టి సబ్బు నురగ పనికిరాదు. కొద్దిగా గ్యాస్ ఎక్కించి, ఫ్యాను ఆపి అరగంట వదిలి, నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర లీక్ డిటెక్టర్ పెడితే తెలుస్తుంది. కొన్ని చిన్న కార్లలో గ్లోవ్ బాక్సు తీస్తే కాయిల్ చేతికొస్తుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. పాత ప్లాస్టిక్ లాకులు ఒకటో రెండో విరుగుతాయి, తర్వాత గుంత వచ్చినప్పుడల్లా కిటకిటమంటుంది. ఆ శబ్దం భరించగలరా లేదా అన్నది కూడా మీ లెక్కలో వేసుకోండి. కొందరికి అది ఏసీ లేకపోవడం కంటే పెద్ద టెన్షన్.

పైపులు ఎక్కడ విప్పినా డ్రయర్ కూడా కొత్తది వేయించండి. అది చిన్న డబ్బా, లోపల తేమ పీల్చే గింజలుంటాయి. గాలి తగిలితే అవి నిండిపోతాయి, మళ్లీ పనికిరావు. డ్రయర్ వేశాక అరగంటైనా వ్యాక్యూమ్ లాగాలి. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలబడితేనే గ్యాస్ ఎక్కించాలి. అదీ చేత్తో పైపు పట్టుకుని "చల్లగయింది, చాలు" అనే పద్ధతిలో కాదు, తూకం వేసి. మీ కారుకు ఎన్ని గ్రాములో చాలావరకు బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారమూ పడుతుంది.

ఇక డబ్బు పెట్టవద్దని నేను చెప్పే సందర్భం ఒక్కటే. కంప్రెసర్ లోపల అరిగి, పైపు విప్పినప్పుడు నూనె నల్లగా, వెండి పొడి కలిసినట్టు మెరుస్తూ వస్తే ఆగిపోండి. ఆ పొడి కండెన్సర్ సన్నని దారుల్లోకీ, వాల్వులోకీ వెళ్లిపోయి ఉంటుంది. ఒక్క కంప్రెసర్ మారిస్తే సరిపోదు. ఇది నేను సొంత తప్పుతో నేర్చుకున్న పాఠం. 2011లో కల్వకుర్తి బండి ఒకదానికి పాత కండెన్సర్‌నే కడిగి, రీకండిషన్ కంప్రెసర్ బిగించి పంపాను. నాలుగు నెలలకే ఆ కంప్రెసర్ కూడా పట్టేసింది. రెండోసారి నా జేబులోంచి పెట్టుకున్నాను. మీ బండికి ఆ పరిస్థితి ఉంటే 28 వేలు అన్నతని మాట అబద్ధం కాదు, కానీ మీ వాడకానికి అంత ఖర్చు దండగ. ఎండలు ముదిరిన మూడు నెలలూ హైదరాబాద్ ప్రయాణానికి ఏసీ కారు కిరాయికి మాట్లాడుకోండి. మూడు ట్రిప్పుల కిరాయి 28 వేలు కాదు. మేడం గారు కూడా వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటారు.

సరే, పాడైన కంప్రెసర్‌ను పీకేయవచ్చు కదా అంటారా? ఒకసారి పీకేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, వద్దు. స్విచ్ ఆపితే క్లచ్ వదిలేస్తుంది, పుల్లీ ఒక్కటే ఖాళీగా తిరుగుతుంది. ఇంజిన్ మీద భారమంటూ దాదాపు ఏమీ ఉండదు. ఏసీ వేయకుండా నడిపితే వచ్చే మైలేజీ మీకు ఇప్పటికే వస్తోంది, పీకేస్తే అదనంగా రాదు. బరువంటారా, చిన్న కారు ఏసీ సామానంతా కలిపినా ఒక బియ్యం బస్తా అంత ఉండదు. ఈ మాట అన్నతనికి ఆ అల్యూమినియం స్క్రాప్ ధర బాగా తెలుసేమో, నేనేమీ అనను.

నా సొంత వ్యాన్‌కు ఏసీ పీకేశాను, సామాన్లు మోసే బండికి ఎందుకులే అని. ఆ వానాకాలం ఇంట్లోవాళ్లతో శ్రీశైలం వెళ్లి వస్తున్నాం. చీకటి పడకముందే ఘాట్‌లో వాన పట్టుకుంది. మన్ననూరు గేటు రాత్రికి మూసేలోపు దాటాలన్న తొందర ఒకటి. లోపల ఆరుగురి ఊపిరికి ముందు అద్దం తెల్లగా కప్పేసింది. కిటికీ దించితే వాన లోపలికొస్తుంది, ఎత్తితే రోడ్డు కనపడదు. హీటర్ వేస్తే అద్దం తేరుకుంది గానీ, అయిదు నిమిషాలకే పిల్లలు ఉడికిపోతున్నామని గోల. చివరికి మా ఆవిడ తువ్వాలుతో అద్దం తుడుస్తూ ఉంటే, ఆమె తుడిచిన మేరకే చూస్తూ నల్లమల దిగాను. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమనూ పిండేస్తుంది. ఆ సంగతి షెడ్డులో వందమందికి చెప్పినవాణ్ణే, నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ ఘాట్‌లో.

కాబట్టి బాగు చేయించలేకపోతే అలాగే ఉండనీయండి. క్లచ్ వైరు ఊడదీయించి టేపు చుట్టించండి, అంతే. పుల్లీ బేరింగ్ గరగరమంటేనే ఇంకో పని. కంప్రెసర్‌కు విడిగా బెల్టు ఉంటే ఆ బెల్టు ఒక్కటీ తీసేస్తే సరి. అదే బెల్టు మీద ఆల్టర్నేటరో, వాటర్ పంపో తిరుగుతుంటే దాన్ని తీయడానికి లేదు, బేరింగ్ మార్పించాల్సిందే. పైపులు ఎక్కడా విప్పి వదిలేయవద్దు. రేపు కారు కొనేవాడికి "ఏసీ ఉంది, పనిచేయట్లేదు" అని చెప్పుకోవడానికైనా ఉంటుంది.

అబ్బాయి మాటకు నేను అడ్డు రాను. కానీ ఇంజిన్ బాగుండి, ఆర్‌సీ 2028 దాకా ఉన్న బండిని ఒక ఓ-రింగు కోసం అమ్ముకుంటామా?

ఇంకొకటి, బాగయ్యాక ఇబ్రహీంపట్నం ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే వేడిగాలి వచ్చి, బండి కదిలితే మళ్లీ చల్లబడిందంటే అది గ్యాస్ సమస్య కాదు, కండెన్సర్ ఫ్యాను చూపించండి. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ వేయండి. నూనె తిరగక కంప్రెసర్ సీలు ఎండితే మళ్లీ నా దగ్గరికే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: అన్నా, మా నాన్న 1995లో కొన్న మారుతి 800 ఇంకా ఇంట్లోనే ఉంది. ఏసీ పెట్టించిన బండి. జ్ఞాపకంగా ఉంచుకుంటున్నాం. పాత గ్యాస్ ఇప్పుడు దొరకదంటున్నారు. ఏసీ తీసేయడమేనా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: తీసేయకండి అమ్మా. ఆ కాలం ఏసీల్లో ఉండేది ఆర్-12 గ్యాస్. ఓజోన్ పొరను తినేస్తుందని 1987లో మాంట్రియల్‌లో చాలా దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, మన దేశంలో దాని తయారీ 2008లో ఆగిపోయింది. ముందు గ్యాస్ కొట్టే మూతులు చూడండి. మర తిప్పి బిగించేవైతే ఆర్-12, టక్కున నొక్కి పట్టేవైతే అప్పటికే ఎవరో దాని తర్వాత వచ్చిన 134ఎ గ్యాస్‌కి మార్చారు. మార్చకపోతే ఇప్పుడు మార్చవచ్చు. పాత నూనె వంపేసి ఎస్టర్ నూనె పోయాలి, ఓ-రింగులు, డ్రయర్ కొత్తవి వేయాలి, మూతులకు అడాప్టర్లు బిగించాలి. గ్యాస్ పాత తూకం కంటే కొంచెం తక్కువే పడుతుంది. చల్లదనం కూడా మీ చిన్నప్పటి అంత ఉండదు, మే నెల మధ్యాహ్నం ఆ తేడా తెలుస్తుంది. సామాన్లు పాలమూరులో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగండి. అన్నిటికంటే ముందు, లోపల మిగిలిన పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి లాగే మెషిన్ ఉన్న షెడ్డుకే వెళ్లండి.

ప్రశ్న: మిర్యాలగూడలో ఒకతను సగం రేటుకే కారుకు గ్యాస్ కొడతానంటున్నాడు. నమ్మవచ్చా?
– డ్రైవర్, మిర్యాలగూడ

జవాబు: డబ్బా చూపించమను తమ్ముడూ. సగం రేటు అన్నచోట కొందరు వంటగ్యాస్ ఎక్కిస్తారు. అది కూడా చల్లబరుస్తుంది, అందుకే మోసం తెలియదు. కానీ అంటుకునే గ్యాస్. కూలింగ్ కాయిల్‌లో చిల్లు పడితే అది వచ్చేది నువ్వు కూర్చున్న చోటికే, నువ్వు బీడీ వెలిగించేదీ అక్కడే. డబ్బా మీద 134ఎ అని ఉందా, సీలు నీ ముందే తీశాడా, తూకం వేశాడా, ఈ మూడూ చూడు. ఒక్కదానికి తటపటాయించినా బండి స్టార్ట్ చేసుకుని వచ్చెయ్.