అధికార గ్రంథమా, రాష్ట్ర గ్రంథమా?

సందేహం: మేము అమెరికాలో టెనసీ రాష్ట్రంలో ఉంటున్నాం. ఇక్కడ బైబిల్‌ని ‘అఫీషియల్ స్టేట్ బుక్’ చేయాలని శాసనసభలో జరిగిన గొడవ గురించి మా నాన్నగారికి ఫోన్‌లో చెబుతూ ‘అధికార గ్రంథం’ అన్నాను. ‘అంటే ఇక బైబిల్ ప్రకారమే పాలిస్తారా?’ అని ఆయన కంగారుపడ్డారు. ‘అధికారిక గ్రంథం’ అంటే సరిపోయేదా? గ్రంథం, గ్రంధం – వీటిలో ఏది ఒప్పు?

సమాధానం: మీ నాన్నగారి చెవి నిక్కమైనది. ‘అధికార’ అనే మాట మరో నామవాచకం ముందు చేరితే, తరచు ఆ రెండోదాని చేతిలో అధికారం ఉన్నట్టే వినిపిస్తుంది. అధికార పార్టీ అంటే గద్దె మీదున్న పార్టీ. అధికార భాష అంటే ప్రభుత్వ వ్యవహారం నడిచే భాష. 1966లో ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం చేసింది ఆ అర్థంలోనే (జీవోలు ఏ భాషలో వస్తూ వచ్చాయన్నది వేరే కథ). ఆ లెక్కన అధికార గ్రంథం అంటే పాలనను నడిపే గ్రంథం. ప్రజాస్వామ్యంలో ఆ పీఠం రాజ్యాంగానిది.

టెనసీ బిల్లు కోరింది అది కాదు. ఆ రాష్ట్రానికి మాకింగ్‌బర్డ్ పక్షి, ఐరిస్ పువ్వు, రకూన్ జంతువు చిహ్నాలు. వాటి వరసలో పుస్తకంగా బైబిల్‌ని చేర్చమన్నారు. ఈ కోవలోని మాటలు మనకు సిద్ధంగానే ఉన్నాయి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. పాలపిట్టను ‘అధికార పక్షి’ అంటే దానికేదో కలెక్టరు ఉద్యోగం వచ్చినట్టుంటుంది. 2016లో టెనసీ వాళ్లు బారెట్ రైఫిల్‌ని కూడా చిహ్నం చేసుకున్నారు. దాన్ని ‘అధికార తుపాకీ’ అని చూడండి, ఏ ఇన్‌స్పెక్టరు నడుముకో వేలాడుతుంది! కనుక మీరు చెప్పదలచుకున్నదానికి తగిన మాట ‘రాష్ట్ర గ్రంథం’.

అయితే అక్కడ జరిగిన గొడవ కూడా, ఒక రకంగా, ఈ రెండు మాటల మధ్యదే. బిల్లు పెట్టినవారు రాష్ట్ర గ్రంథం అన్నారు: చరిత్రలో దానికి స్థానముంది, రాజధాని నాష్‌విల్‌లో బైబిల్ ముద్రణ పెద్ద వ్యాపారం, అంతే అన్నారు. ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌కు (ప్రభుత్వ ప్రధాన న్యాయవాదికి) అది అధికార గ్రంథంలాగే వినబడింది. ఏ మతానికీ చట్టం పెద్దపీట వేయరాదన్న నియమానికి ఇది విరుద్ధమని 2015లోనే అభిప్రాయం చెప్పారు. అయినా ఉభయ సభలూ ఆమోదించాయి. 2016 ఏప్రిల్‌లో గవర్నర్ బిల్ హాస్లం వీటో చేశారు. (అక్కడి గవర్నర్ ప్రజలు ఎన్నుకున్న మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివారు. నాన్నగారికి ఇదీ చెప్పండి, లేకపోతే రాజ్‌భవన్ గుర్తొస్తుంది.) ఆయన రాజ్యాంగం మాటతో పాటు మరో మాటన్నారు: దేవుని వాక్యమని నమ్మేవాళ్లు దాన్ని చరిత్ర, వ్యాపారాల కోసం గుర్తించదగ్గ పుస్తకంగా కుదించడం తగదని. నాకు ఈ రెండోదే బలమైన వాదంగా తోస్తుంది. పిట్ట పక్కన, తుపాకీ పక్కన పెడితే గ్రంథానికి పెరిగే గౌరవమేమిటి? వీటోను తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 50 ఓట్లు కావాలి, 43 వచ్చాయి. 2024లో మాత్రం పది పుస్తకాలను రాష్ట్ర గ్రంథాలుగా చట్టం చేసినప్పుడు, 1782లో ఫిలడెల్ఫియాలో అచ్చయిన ఐట్‌కెన్ బైబిల్‌కి అందులో చోటిచ్చారు. మనవాళ్లు ‘ఏడు తరాలు’గా చదువుకున్న అలెక్స్ హేలీ నవల ‘రూట్స్’ కూడా ఆ పదిలో ఉంది.

ఇక ‘అధికారిక’. సంస్కృత వ్యాకరణం ప్రకారం చివర ‘ఇక’ ప్రత్యయం చేరితే మొదటి అచ్చు దీర్ఘమవ్వాలి: సమాజం – సామాజికం, వ్యవహారం – వ్యావహారికం. అలాగే అధికారం – ఆధికారికం. నాటకశాస్త్రంలో ప్రధాన కథకు ‘ఆధికారికం’ అనే పేరు. తెలుగు పత్రికలు ఆ దీర్ఘాన్ని ఎప్పుడో వదిలేశాయి. ‘అధికారిక ప్రకటన’ని ఇప్పుడు తప్పనడం నాకిష్టం లేదు, జనం నోట నిలబడిన మాట అది. పైగా మంచి పనికొస్తోంది: అధికార స్థానం నుంచి వెలువడింది అనే అర్థాన్నిస్తోంది. అందుకే ‘బైబిల్‌కు అధికారిక గుర్తింపు’ అన్నా చిక్కులేదు, గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వమే కనుక. ‘అధికారిక గ్రంథం’ అంటే మాత్రం ప్రభుత్వం రాయించిన పుస్తకమనుకునే వీలుంది.

‘గ్రంధం’ తప్పు. ముడివేయడం, గుదిగుచ్చడం అనే అర్థమున్న ధాతువు నుంచి గ్రంథం పుట్టింది. గ్రంథి అంటే ముడి. తాటాకులకు బెజ్జం వేసి తాడు దూర్చి కట్టిన కాలపు మాటగా దీన్ని చదువుకోవచ్చు. బైబిల్ అనే మాటకు మూలమైన గ్రీకు ‘బిబ్లియా’ అంటే పుస్తకాలు, బహువచనం. అనేక పుస్తకాలను ఒక్క తాటికి కట్టినదానికి మనవాళ్లు పెట్టిన పేరు ఎంత బాగా కుదిరిందో! మీ దగ్గర తెలుగు చర్చి ఉంటే ఎవరి చేతిలోనైనా ఉన్న తెలుగు బైబిల్ అట్ట చూడండి. ‘పరిశుద్ధ గ్రంథము’ అని ఉంటుంది, ‘థ’ తోనే.