రెండు నెలల రీసెర్చ్‌కే పీజీ సీటు పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే రెండు నెలల స్టూడెంట్‌షిప్‌తో ప్రీడయాబెటిస్ (షుగర్ రావడానికి ముందు దశ) మీద రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్ పీజీ దెబ్బతింటుందని నా భయం. డబ్బు కడితే రీసెర్చ్ పేపర్‌లో పేరు వేయించే కన్సల్టెన్సీ ఉందట, అమెరికా వెళ్లడానికి పనికొస్తుందట. ఏది మేలు?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: నీట్ పీజీ ర్యాంకుకు రీసెర్చ్ ఒక్క మార్కూ కలపదు. అలాగని రెండు నెలల పనితో సీటూ పోదు. ఇంటర్‌లో పండక్కి కూడా ఇంటికి పంపని హాస్టల్లో పెట్టినప్పుడు లేని బెంగ, పిల్ల తనంతట తాను ఒకటి చేస్తానంటే వచ్చిందా అండీ? తోటివాళ్లు ముందెళ్లిపోతారేమోనని కదా మీ అసలు భయం! రెండో ఏడాదికే ఎవరూ ఎక్కడికీ వెళ్లిపోరు.

ఐసీఎంఆర్ ఈ స్టూడెంట్‌షిప్‌ను 1979 నుంచి ఇస్తోంది. స్టైపెండ్ రూ.50,000. ఎంపిక కాగానే చేతికి రాదు, రిపోర్టు ఆమోదం పొందాకే ఇస్తారు. కిట్లకు వేరే డబ్బు రాదు కాబట్టి ఖరీదైన పరీక్షల జోలికి పోవద్దనండి. నడుం కొలత, బరువు, ఓపీలో ఎలాగూ చేసే షుగర్ పరీక్ష చాలు. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి. ఒక్కొక్కరికి ఒక్కోచోట చుడితే డేటా అంతా దండగ.

ఇది చిన్న పనేం కాదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి లెక్కలే పక్కపక్కన ప్రచురించారు. బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2! సన్నగా ఉన్న మనవాళ్లకూ షుగర్ ఎందుకొస్తోందన్న ప్రశ్న అక్కడే ఉంది.

ఇక ఆ కన్సల్టెన్సీ. 2022లో అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో మొదటిదైన స్టెప్ 1కు మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచాక పేపర్ల పిచ్చి ముదిరింది. రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) ఇంటర్వ్యూలో "శాంపిల్ ఎలా ఎంచుకున్నారు?" అని అడిగితే డబ్బు కట్టిన నాన్న వచ్చి చెప్తారా? రేపు ఆ పేపర్‌ను జర్నల్ వెనక్కి తీసుకుంటే, ఆ మచ్చ పక్కన ఉండేది మీ అమ్మాయి పేరు. నన్నడిగితే, రెండో ఏడాదిలో అమెరికా మాటే తొందర. ఫైనలియర్లో చూసుకోవచ్చు.

గైడ్ సొంత కాలేజీ ఫ్యాకల్టీయే అయ్యుండాలి. రీసెర్చ్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఈ వారమే కనుక్కోమనండి. అది ఆలస్యమైతే ఆ రెండు నెలలూ సంతకాల చుట్టూ తిరగడానికే సరిపోతాయి.