హిస్టరీ చెరిపితే ర్యామ్ ఖాళీ అవుతుందా?

ప్రశ్న: నేను విల్లివాక్కంలో ఇంటి నుంచే చీరలు అమ్ముతుంటాను. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. వాట్సాప్ వెబ్, చీరల ఫొటోలు, కొరియర్ ట్రాకింగ్, జీమెయిల్ అన్నీ క్రోమ్‌లో తెరిచే ఉంచాలి. మధ్యాహ్నానికల్లా మౌస్ కూడా కదలదు. ధర అడిగినవాళ్లకు జవాబు ఇచ్చేలోపు వేరే చోట కొనేస్తున్నారు. ఒక షాపులో హిస్టరీ, కుకీలు చెరిపేసి 300 రూపాయలు తీసుకున్నారు. రెండో రోజుకే మళ్లీ అదే తీరు. కొత్తది కొనక తప్పదా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. రిచీ స్ట్రీట్‌లో పదిహేడేళ్లుగా లాప్‌టాప్‌లు విప్పుతున్నాను. మీలాగే డబ్బు పోగొట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

హిస్టరీ, కుకీలు ఉండేది డిస్కులో. మీ ఇబ్బంది ర్యామ్‌లో, అంటే ఇప్పుడు తెరిచి ఉన్నవి పెట్టుకునే చోట. బీరువా సర్దితే వంటగట్టు మీద చోటు రాదు కదా. ర్యామ్ నిండితే విండోస్ కొంత సరుకును డిస్కు మీదికి తోస్తుంది, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. పాత హార్డ్ డిస్కు అయితే ఆ గరగర వినిపిస్తుంది కూడా. మౌస్ మొరాయించేది అప్పుడే.

ముందు ఎవరు తింటున్నారో చూడండి. క్రోమ్‌లో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘మెమరీ ఫుట్‌ప్రింట్’ అన్న చోట నొక్కండి, పెద్ద అంకెలు పైకి వస్తాయి. పోయిన నెల ఒక కుర్రాడు సగం ట్యాబ్‌లు మూసేసినా లాభం లేదని వచ్చాడు. చూస్తే పై వరసలో ఉన్నది ట్యాబే కాదు, ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన కూపన్ల ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్). ఒక్కటే 380 ఎంబీ! తీసేశాం, అంతే. మీరు రోజూ వాడని ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేయండి. వాటిలో కొన్ని మీరు తెరిచే ప్రతి పేజీలోనూ దూరతాయి.

మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం చీరల ఫొటోల మీద. 12 మెగాపిక్సెల్ ఫొటో ఫైలుగా 3, 4 ఎంబీయే. కానీ బ్రౌజర్ దాన్ని పూర్తి సైజులో విప్పితే ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే 48 ఎంబీ. ఇరవై చీరలు అలా తెరిస్తే దాదాపు 1 జీబీ. అదే ఫొటోను 1600 బై 1200కు తగ్గిస్తే 8 ఎంబీ లోపే. జరీ అంచు బాగానే కనిపిస్తుంది, కస్టమర్‌కు అది చాలు.

తర్వాత సెట్టింగ్స్‌లో ‘పెర్ఫార్మెన్స్’కు వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేయండి. కాసేపు ముట్టుకోని ట్యాబ్‌లను అది ర్యామ్‌లోంచి దించేస్తుంది, నొక్కగానే మళ్లీ లోడ్ అవుతాయి. ఎప్పుడూ యాక్టివ్‌గా ఉండాల్సిన సైట్ల జాబితా అక్కడే ఉంటుంది. వాట్సాప్ వెబ్‌ను అందులో చేర్చండి, లేకపోతే ఆర్డర్ వచ్చిన సంగతే తెలియకపోవచ్చు. కొరియర్ ట్రాకింగ్‌ను మాత్రం చేర్చకండి. ఎడ్జ్ బ్రౌజర్‌లో ఇలాంటిదే ‘స్లీపింగ్ ట్యాబ్స్’.

ఒక్క పని మాత్రం చేయకండి. సైట్ ఐసొలేషన్ ఆపేస్తే ర్యామ్ మిగులుతుందని ఎవరైనా చెబుతారు. ఒక సైటు సమాచారం ఇంకో సైటు చదవకుండా వేర్వేరు ప్రాసెస్‌లలో పెట్టే రక్షణ అది. ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక 2018లో క్రోమ్ ఆ రక్షణను కంప్యూటర్లలో దాదాపు అందరికీ ఆన్ చేసింది. దానివల్ల 10 నుంచి 13 శాతం మెమరీ ఎక్కువ పడుతుందని గూగులే చెప్పింది. అదే బ్రౌజర్‌లో మీరు బ్యాంకు కూడా తెరుస్తారు కాబట్టి ఆ ఖర్చు భరించాల్సిందే. ‘ర్యామ్ క్లీనర్’ యాప్‌ల జోలికి అసలే వెళ్లకండి.

ఇవన్నీ చేశాక కూడా బరువుగా ఉంటే ర్యామ్ పెంచుకోవచ్చు. ఈసారి విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కండి. ‘స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2’ అని ఉంటే ఇంకో ముక్క పెట్టడానికి చోటు ఉండి ఉంటుంది. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికేస్తారు, దాన్ని మార్చలేం. ర్యామ్‌లోనూ రకాలున్నాయి, డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 దూరదు, కాబట్టి షాపుకు వెళ్లేటప్పుడు ఆ తెరను, లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరును ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్లండి.