ఫోన్ ఎత్తిన సిస్టర్ సంగతేంటి?

సెలబ్రిటీల ప్రాంకుల్లో, అంటే ఆటపట్టించడానికి చేసే ఫోన్లలో కూడా జాతి, ఆడా మగా తేడాలు వెతకడం అతి కాదా అని కొందరు అడిగారు. అతి కాదండీ. స్టాఫ్ నర్సుగా నైట్ డ్యూటీల్లో ఫోన్లు ఎత్తీ ఎత్తీ చెబుతున్నాను.

2012 డిసెంబరులో బ్రిటన్ ప్రిన్స్ విలియం భార్య కేట్ మిడిల్టన్ వేవిళ్లతో లండన్‌లోని కింగ్ ఎడ్వర్డ్ సెవెంత్ ఆసుపత్రిలో చేరింది. తెల్లవారుజామున సిడ్నీ నుంచి ఇద్దరు రేడియో జాకీలు ఫోన్ చేసి, ఒకరు ఎలిజబెత్ రాణిననీ ఇంకొకరు ప్రిన్స్ ఛార్లెస్‌ననీ చెప్పుకున్నారు. వెనకాల రాణిగారి కుక్కల అరుపులు కూడా పెట్టారు. ఆ వేళకి రిసెప్షనిస్టు లేదు. ఫోన్ ఎత్తింది జెసింతా సల్దానా, మన మంగళూరు వైపు నుంచి వెళ్లిన నర్సు. ఆవిడ చేసిందల్లా కాల్ వార్డుకి కలపడమే. కేట్ గురించి చెప్పింది ఇంకో నర్సు. నర్సుల అనుమతి లేకుండానే దాన్ని రేడియోలో వేశారు. ఛార్లెస్ కూడా విలేకరుల దగ్గర దాని మీద ఒక జోకేశాడు. ఆ మర్నాడే జెసింతా ఆత్మహత్య చేసుకుంది. వయసు 46, ఇద్దరు పిల్లలు.

మా యాస వినగానే ఫోన్ పెట్టేస్తారనుకున్నాం అని జాకీలు తర్వాత చెప్పారు. రాణి పేరు చెప్పినప్పుడు ‘ఎవర్రా నువ్వు’ అనగలిగే నర్సు ఎక్కడుంటుందండీ? వాళ్లు జాతి చూసి ఫోన్ చెయ్యలేదు, నిజమే. కానీ తెల్లవారుజామున డెస్క్ దగ్గర ఎవరుంటారో లండన్‌లో పనిచేసే మనవాళ్లని అడగండి.

మా ఫ్లోర్‌కీ ఒకసారి ఇలాంటి ఫోనే వచ్చింది. ఒక ఎఫ్‌ఎం వాడు పెద్ద హీరో మేనేజర్నంటూ, ‘సార్ చెకప్‌కి వస్తున్నారు, రూమ్ రెడీయా సిస్టర్?’ అన్నాడు. ఎత్తింది కేరళ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. తెలుగు ఇంకా కూడబలుక్కుంటోంది. వాడికి అదే దొరికింది. సార్ డైలాగ్ ఒకసారి చెప్పమన్నాడు, సార్‌కి నీ గొంతు నచ్చింది, పెళ్లయిందా అన్నాడు. ఆ పిల్ల లేచి నిలబడి, రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని ‘ఓకే సార్, ఓకే సార్’ అంటోంది. నేను మందుల ట్రాలీ దగ్గర్నుంచి పెట్టెయ్యమని సైగ చేస్తే బెదిరిపోయి తల అడ్డంగా ఊపింది. మర్నాడు అది ప్రసారమైంది. క్యాంటీన్‌లో ఆ పిల్ల యాసని అనుకరించి నవ్వినవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. మెమో మాత్రం ఆ పిల్లకే ఇచ్చారు. అదే ఫోన్ మా సూపరింటెండెంట్ ఎత్తి ఉంటే ‘పెళ్లయిందా సార్’ అని అడిగేవాడా?

మగవాళ్ల మీద ప్రాంక్ చేసినా మధ్యలో ఒక ఆడపిల్ల ఉండాల్సిందే. 2008లో రస్సెల్ బ్రాండ్, జొనాథన్ రాస్ అనే ఇద్దరు బ్రిటన్ ప్రెజెంటర్లు బీబీసీ రేడియో కోసం ఆండ్రూ సాక్స్ అనే ముసలి నటుడి ఫోన్లో బూతు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. ఆ బూతులన్నీ ఆయన మనవరాలి గురించి. బీబీసీకి లక్షన్నర పౌండ్ల జరిమానా పడింది.

మన సినిమాలూ తక్కువేం కాదు. నర్సు కనిపిస్తే కమెడియన్‌కి బీపీ పెరగాలి. పొట్టి గౌనేసుకుని డ్యూటీ చేసే నర్సుని నేనైతే ఇంతవరకూ ఏ వార్డులోనూ చూడలేదు.

ఇప్పుడు మా ఫ్లోర్‌లో ఎవరు ఎంత పెద్దమనిషి పేరు చెప్పినా నంబర్ రాసుకుని, మేమే చేస్తామని పెట్టేస్తాం. మొన్నొకాయన నిజంగానే ఎమ్మెల్యేగారి పీఏ అట, అలిగాడు. అలగనీ.