అంటు కట్టడం నేర్చుకుంటూనే పదిమందికీ చూపించు

చి॥ మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

కడియపులంక నర్సరీలో గాలి అంట్లు కట్టడం, అంటే చెట్టు మీదున్న కొమ్మకే వేళ్లు పుట్టించడం నేర్చుకుంటూ, ఆ పని ఫోనులో తీసి నెట్‌లో పెడతానన్నావు. పెట్టు. పూర్తిగా వచ్చాక పెడదామని మాత్రం ఆగొద్దు. చెయ్యి తిరిగినవాడికి తను మొదట్లో ఎక్కడ తికమకపడ్డాడో గుర్తుండదు. కొత్తవాడికి కావాల్సింది సరిగ్గా అదే.

జామతో మొదలుపెట్టు, వానాకాలమే దీనికి అదను. పెన్సిలంత లావు కొమ్మ చూసుకుని, అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా ఒలిచెయ్. ఒలిచాక పుల్ల మీద జారుడుగా ఒక పల్చటి పొర మిగులుతుంది. దాన్ని కత్తి వీపుతో గీకెయ్యాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆ పొర దారమంత మిగిలినా పై బెరడూ కింది బెరడూ మళ్లీ అతుక్కుంటాయి, ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగిపోతుంది, వేరు రాదు. ఆ ఆహారం ఆగిన పై అంచు దగ్గరే వేళ్లు పుడతాయి మరి. అందుకని గీకక ముందొకటి, గీకాక ఒకటి, దగ్గరగా ఫోటోలు తియ్యి. పక్కన స్కేలు పెట్టు.

ఒలిచినచోట చుట్టూ పెట్టే కొబ్బరిపొట్టు “తగినంత తడి” ఉండాలని చెప్తే ఎవరికీ అర్థం కాదు. గుప్పిట్లో గట్టిగా పిండితే చుక్క కారకూడదు, ముద్ద విడిపోకూడదు. ఆ పిండడమే వీడియో తియ్యి. నీరెక్కువైతే ఒలిచినచోట కుళ్లుతుంది. పాలిథిన్ చుట్టాక పై ముడి వదులైనా అంతే, వాననీరు లోపలికి దిగుతుంది.

ప్రతి అంటుకీ చీటీ కట్టు: తేదీ, ఏ చెట్టు, వేళ్లు పట్టే మందు రాశావా లేదా. పది కడితే పదీ చూపించు. ఆరేడు వారాలకి ఏడింటికే వేళ్లు కనబడ్డాయనుకో, మిగతా మూడూ విప్పి అతుక్కుందో కుళ్లిందో చూపించు. నన్నడిగితే ఆ మూడింటి వీడియోకే విలువెక్కువ. కారణం తెలియకపోతే తెలియలేదనే రాయి. తర్వాత తెలిస్తే పాతది తీసెయ్యకుండా దాని కిందే తేదీ వేసి చేర్చు.

“ఇలాగే చెయ్యాలి” అనకు. “ఇలా చేశాను, ఇలా అయింది” అను. నేర్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు చెప్పు. నర్సరీ యజమానిని అడక్కుండా తల్లిమొక్కలు చూపించొద్దు, అది వాళ్ల బతుకుతెరువు.

వేళ్లు తెల్లగా ఉండగానే అంటుని చెట్టు నుంచి కొయ్యకు, కాస్త గోధుమరంగుకి తిరగనీ. కోశాక సగం ఆకులు తుంచి, సంచిలో నాటి నీడన పెట్టు. చాలామంది వేళ్లు చూపించి ఆపేస్తారు గానీ, అంట్లు చచ్చిపోయేది ఎక్కువగా ఆ తర్వాతే. కొత్త చిగురు గట్టిపడేదాకా వారానికోసారి, అదే వైపు నుంచి ఫోటో తీసి పెడుతూ ఉండు.

మీ మామయ్య