రీజెన్సీ నవలల్లో డ్యూకు కాని హీరో దొరుకుతాడా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ‘బ్రిడ్జర్టన్’ సిరీస్ చూశాక రీజెన్సీ (పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోని ఇంగ్లండ్) ప్రేమ నవలలు మొదలుపెట్టాను. నాలుగు చదివేసరికి మొహం మొత్తింది. నాలుగింట్లోనూ హీరో డ్యూకే (ప్రభువుల్లో పై మెట్టు), పెళ్లంటే పడని అందగాడే. హీరోయిన్ లోకం తెలియని చిన్నపిల్ల. వేరే రకం మనుషులున్న నవలలు లేవా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: లేకేమండీ, కావలసినన్ని ఉన్నాయి. జార్జెట్ హెయర్ రాసిన ‘కొటిలియన్’ (1953)తో మొదలుపెట్టండి. ఒక పిసినారి ముసలాయన పెంచిన అనాథ కిట్టీ. తనకు మనవడి వరసయ్యే కుర్రాళ్లలో ఒకణ్ణి చేసుకుంటేనే ఆస్తి ఆమెకని ఆయన మెలిక పెడతాడు. లండన్ వెళ్లే దారి కోసం కిట్టీ ఆ కుర్రాళ్లలో ఒకడైన ఫ్రెడ్డీని బతిమాలి ఉత్తుత్తి నిశ్చితార్థానికి ఒప్పిస్తుంది. ఫ్రెడ్డీకి చదువు అంతంత మాత్రం, సాహసాలు చేసే రకం అసలే కాదు. ఏ కోటు ఎక్కడ తొడుక్కోవాలో, ఎవరింటికి ఏ వేళప్పుడు వెళ్లాలో, ఎవరి దగ్గర ఏ మాట అనకూడదో మాత్రం అతణ్ణి అడగాల్సిందే. మీకు విసుగు పుట్టించిన ఆ అందగాడు కూడా ఇందులో ఉన్నాడు, పేరు జాక్. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి రచయిత్రి నడిపిన తీరులోనే ఉంది మజా అంతా.

తర్వాత మేరీ బాలోగ్ ‘ది అరేంజ్‌మెంట్’ (2013) చదవండి. హీరో వైకౌంట్ (ఇదీ ఒక ప్రభు బిరుదే) విన్సెంట్ టీనేజీలోనే యుద్ధానికి వెళ్లి చూపు పోగొట్టుకున్నవాడు. ఇంటినిండా తల్లీ అక్కచెల్లెళ్లూ అతి ప్రేమతో ఊపిరాడనివ్వరు. సోఫియా బంధువుల ఇంట్లో ఉందో లేదో కూడా ఎవరికీ పట్టని పిల్ల. చూపు తిరిగొచ్చే అద్భుతాలేవీ ఇందులో ఉండవు, అదే దీని విలువ.

మూడోది హెయర్‌దే, ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ (1961). అప్పుల్లో మునిగిన వైకౌంట్ ఒక లండన్ వ్యాపారి కూతురు జెన్నీని డబ్బు కోసం చేసుకుంటాడు. అతని మనసు వేరే అమ్మాయి మీద ఉంది. జెన్నీ లావుగా, పొట్టిగా, సాదాసీదాగా ఉంటుంది. చివరి పేజీ దాకా అలాగే ఉంటుంది. దీన్ని మొదటే పట్టుకుంటే సగంలో వదిలేస్తారు. ఉప్పొంగే ప్రేమ కోసం ఎదురుచూసేవాళ్లకి ఇందులో దొరికేది వంటిల్లూ, పొలమూ, మామగారి ధారాళమైన కానుకలూ. రెండు మూడు నవలలయ్యాక చదివితే హెయర్ పుస్తకాల్లో ఇదే గట్టిదని మీరే అంటారు.

హెయర్ ‘ది గ్రాండ్ సోఫీ’ (1950) చదవమని చాలామంది చెబుతారు. హీరోయిన్ భలే గడుసుదే. కానీ అందులో వడ్డీ వ్యాపారిగా వచ్చే యూదు పాత్రను జాతి ద్వేషంతో చిత్రించారు. ఆ సంగతి తెలిసి చదవడం మంచిది.

ప్రశ్న: హీరోయిన్‌కి పది వేల పౌండ్లున్నాయి. హీరో మంచివాడు, ప్రేమ కూడా ఉంది. అయినా సగం పుస్తకం దాకా పెళ్లి వద్దంటుంది. ఇది కథ సాగదీయడం కాదా? (ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: సాగదీత కాదు, ఆమె లెక్క సరిగ్గానే వేసింది. పది వేలు అసలు. 5 శాతం వచ్చే ప్రభుత్వ బాండ్లలో పెడితే ఏడాదికి 500, 4 శాతానికైతే 400. ఏడాదంతా పాఠాలు చెప్పిన గవర్నెస్‌కి 20, 30 పౌండ్లు దక్కే రోజుల్లో అది దర్జాగా బతికే రాబడి. 21 నిండిన పెళ్లికాని స్త్రీకి ఆ డబ్బు మీద పూర్తి హక్కుంది. పెళ్లయిందా, నగదూ నగలూ భర్త సొంతం. ఆమె పేరున భూమి ఉంటే ఆమె ఒప్పుకోకుండా అమ్మలేడు గానీ కౌలు మాత్రం అతని చేతికే వెళుతుంది. 1870, 1882 చట్టాలొచ్చేదాకా ఇదే వరస. పిల్లల మీద హక్కు తండ్రిది. ఇక విడాకులంటారా, 1857 దాకా ఒక్కో జంటకీ పార్లమెంటు విడిగా చట్టం చేస్తేనే మళ్లీ పెళ్లి చేసుకోగలిగేవారు.

దీనికి విరుగుడు పెళ్లికి ముందు లాయర్లు రాసే సెటిల్‌మెంటు పత్రం. డబ్బును ధర్మకర్తల చేతిలో పెట్టి, భార్యకి ఏటా చేతిఖర్చు ఎంత, భర్త పోతే ఎంత, పిల్లలకి ఎంత అన్నది అందులో రాసుకుంటారు. మన స్త్రీధనానికి కొంచెం దగ్గర, కాకపోతే పత్రం లేకపోతే ఏమీ లేనట్టే. అందుకే ఆస్తిపరురాలైన పిల్లను లేపుకుపోయి స్కాట్లాండ్‌లోని గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లాడే సీను వచ్చినప్పుడు భయపడాల్సింది పరువు గురించి మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో 1754 నుంచి అమలైన చట్టం ప్రకారం 21 లోపువాళ్లకి లైసెన్సు పెళ్లికి (చర్చి ఇచ్చే అనుమతి పత్రంతో జరిగే పెళ్లికి) పెద్దల అనుమతి కావాలి. స్కాట్లాండ్‌లో ఆ పేచీ లేదు, అలా పారిపోయినవాళ్లకి సెటిల్‌మెంటు పత్రమూ ఉండదు.

పెళ్లి వద్దనే హీరోయిన్‌ని చదివేటప్పుడు ఒకటి గమనించండి: ఆమె దేన్ని కాదంటోంది? హీరోనా, చట్టాన్నా? చట్టాన్ని కాదనే హీరోయిన్‌ని రాసినవాళ్లు చివర్లో ఆ చిక్కు విప్పాలి. ముద్దుతో సరిపెట్టేస్తే రచయిత్రి మధ్యలో చేతులెత్తేసిందని అర్థం.

ప్రశ్న: పాత్రల పేర్లు కలగాపులగం అయిపోతున్నాయి. చిట్కా ఏమైనా ఉందా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ఒక్కొక్కరికీ మూడు పేర్లుంటాయి, చిక్కంతా అక్కడే. ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ హీరోనే తీసుకోండి. తల్లి పిలిచేది ఆడమ్, సైన్యంలో కెప్టెన్ డెవెరిల్, తండ్రి పోయాక లార్డ్ లింటన్. పుస్తకంలో ఒక కాగితం పెట్టుకుని సొంత పేరు, ఇంటిపేరు, బిరుదు మూడు గళ్లలో రాసుకోండి. మూడు అధ్యాయాలు దాటితే ఇక దానితో పనుండదు.

‘సర్’ తర్వాత సొంత పేరే రావాలి: సర్ థామస్. ‘యువర్ గ్రేస్’ అని పిలిపించుకునేది డ్యూకూ డచెస్సూ, మతపెద్దల్లో ఆర్చిబిషప్పూ. వీటిలో తప్పుతున్న పుస్తకం మిగతా విషయాల్లోనూ తప్పుతుంది. కోపమొచ్చిన తండ్రి కొడుక్కి బిరుదు రాకుండా చేశాడంటే అనుమానించండి. డబ్బు ఆపగలడు, బిరుదు ఆపలేడు. మామూలు లైసెన్సుతో సాయంత్రం పెళ్లి జరిగినా అంతే. ఆ రోజుల్లో ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే చేయాలి. వేరే వేళలో, ఇంట్లో చేయాలంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: హీరోయిన్ ఖగోళ శాస్త్రవేత్త అని రాస్తున్నారు. ఆ కాలంలో అది సాధ్యమా? (ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: సాధ్యమే. కెరొలైన్ హెర్షెల్ 1787 నుంచి రాజుగారి దగ్గర ఏడాదికి 50 పౌండ్ల జీతం తీసుకుంటూ నక్షత్రాలు చూసింది, తోకచుక్కలు కనిపెట్టింది. ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ గ్రంథాన్ని మేరీ సోమర్‌విల్ ఇంగ్లిషులోకి తెచ్చింది 1831లో. ఒలీవియా వెయిట్ నవల ‘ది లేడీస్ గైడ్ టు సెలెస్టియల్ మెకానిక్స్’ (2019)లో హీరోయిన్ లూసీ చేసేదీ అలాంటి అనువాదమే. ఆమె ప్రేమించేది ఒక వితంతువును, కౌంటెస్‌ను. ఇద్దరూ ఆడవాళ్లే గనక పెళ్లి చట్టం అడ్డు రాదు, అండగానూ నిలవదు.

ప్రశ్న: ఈ నవలల్లో మన దేశం ఊసే ఉండదేం? (ఒక పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: ఉంటుంది, డబ్బు రూపంలో. అసలు రీజెన్సీ 1811 ఫిబ్రవరి 5 నుంచి 1820 జనవరి 29 దాకా. అప్పటికే మీ ఊరితో సహా సర్కారు జిల్లాలు, దత్త మండలాలు కంపెనీ చేతిలో ఉన్నాయి. బ్రౌన్ దొర మద్రాసులో దిగిన 1817 కూడా రీజెన్సీలోనిదే. హెయర్ ‘బ్లాక్ షీప్’ (1966) హీరో మైల్స్‌ని కుర్రతనంలో చేసిన రభసకి ఇండియాకి తరిమేస్తారు. నడివయసులో డబ్బుతో తిరిగొస్తాడు. మర్యాదలు పట్టించుకోడు, వంశగౌరవం అంటే నవ్వుతాడు. హీరోయిన్ అబిగెయిల్‌కి 28 ఏళ్లు. ఇద్దరి మాటల చమత్కారం హెయర్‌లోనూ అరుదు. అయితే ఆ డబ్బు ఎవరి దగ్గర, ఎలా వచ్చిందని పుస్తకం అడగదు. ఆ ప్రశ్న మనం పెట్టుకుని చదవాల్సిందే.

ప్రశ్న: ఇవి ఉచితంగా దొరుకుతాయా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: హెయర్, బాలోగ్, వెయిట్ కొనుక్కోవాలి, లేదా లైబ్రరీలో చూడండి. జేన్ ఆస్టిన్ నవలలన్నీ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. వాటిలో ‘పర్సుయేషన్’ మీ దారికి తగినది: హీరోయిన్‌కి 27, హీరో నౌకాదళంలో సొంతంగా సంపాదించుకున్నవాడు. హెయర్ వాడే వీధి భాష అర్థం కాకపోతే 1811 నాటి ‘డిక్షనరీ ఆఫ్ ది వల్గర్ టంగ్’ కూడా అక్కడే ఉంది. బూతులుంటాయి, పిల్లలకి అందనివ్వకండి.